మడత పెట్టిన పేజీలు

మార్కాపురంలో ఒక నవల మీద చర్చ పెట్టుకున్నామనీ, మా తాతను తలుచుకోకుండా ఆ సభ జరగడానికి వీల్లేదనీ, ఆయన మనవరాలిగా, నాలుగు కథలు రాసినదానిగా నేను వచ్చి తీరాలనీ ఒక రిటైర్డ్ లెక్చరరు ఫోన్ చేసినప్పుడు నేను మొదట ఒప్పుకోలేదు. ఒంగోలు నుంచి అంతసేపు బస్సులో కూర్చుంటే ఈ వయసులో నడుము నా మాట వినదు. ఇక సభలంటారా, శాలువా మడత విప్పుతుంటేనే నాకు తలనొప్పి మొదలవుతుంది. తప్పించుకునే ఉద్దేశంతోనే ఏ నవల అని అడిగాను. "తూర్పు గుమ్మం" అన్నాడాయన. ఒక రచయిత్రి రాయగా ఎప్పుడో వారపత్రికలో సీరియల్‌గా వచ్చి మరుగునపడిపోయిన ఆ చారిత్రక ప్రేమకథను ఎవరో మళ్ళీ అచ్చు వేశారట. ఈ తరం వాళ్ళు ఫోన్లలో దానికి రేటింగు చుక్కలు కూడా ఇస్తున్నారట. ఆ పేరు వినగానే నాకు కోట గుర్తు రాలేదు, గుర్రాలు గుర్తు రాలేదు. తాత ముక్కుపొడుం వాసన గుర్తొచ్చింది. దాని వెనకే రత్నమ్మత్త గొంతు. వస్తాను, ముందు పుస్తకం పంపండి అన్నాను.

మా తాతకు మార్కాపురంలో పలకల షెడ్డు ఉండేది. గనిలోంచి వచ్చిన నల్లరాయిని పల్చటి పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నీళ్ళు చల్లి నున్నగా రుద్ది, చుట్టూ చెక్క ఫ్రేము బిగిస్తే పలక. ఊళ్ళో సగం ఇళ్ళు ఆ రాతి మీదే బతికేవి. రేకుల కప్పు కింద తడిసిన రాతి వాసన, చెక్కపొట్టు వాసన కలిసి ఉండేవి. ఆ దుమ్ము జుట్టులో, కనురెప్పల్లో, చివరికి అన్నంలో కూడా తగిలేది. ఫ్రేములు బిగించే పని ఆడవాళ్ళది. కొంగు ముక్కుకు చుట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. మధ్యాహ్నం బువ్వ తిన్నాక చేతులు మందగిస్తాయి, మాటలు పెరుగుతాయి, మాటలు కాస్తా తగాదాలవుతాయి. దానికి తాత కనిపెట్టిన మందు పుస్తకం. షెడ్డు మధ్యలో ఒక స్టూలు వేయించి, దాని మీద తన చిన్నకూతుర్ని కూర్చోబెట్టి కథలు చదివించేవాడు. కథ వింటూ చేసే చేయి ఆగదని ఆయన లెక్క. సాహిత్యసేవ అని ఆయనెన్నడూ అనుకోలేదు. ఆ మాట తర్వాత వచ్చినవాళ్ళు ఆయనకు తగిలించారు.

ఆ చిన్నకూతురే రత్నమ్మత్త, మా నాయనకు చెల్లెలు. స్కూలు ఫైనలు దాకా చదివింది. గిద్దలూరులో కలప అడితి ఉన్న మనిషికి ఇచ్చి చేశారు. ఆయనకు అదే ఊళ్ళో ఇంకో సంసారం ఉందని పెళ్ళయ్యాక తెలిసింది. మొదట్లో దాచినవాడు తర్వాత దాచడం కూడా మానేశాడు. అత్త ఒక ట్రంకుపెట్టెతో పుట్టింటికి వచ్చింది. మా ఇంట్లో ఎవరూ "వచ్చేసింది" అనేవాళ్ళు కారు, "వచ్చి ఉంది" అనేవాళ్ళు. ఆ మాటలోనే తిరుగు బస్సు ఉంది. అత్తకు మాత్రం ఆ బస్సు ఎక్కే ఆలోచన లేదు. టీచరు ట్రైనింగుకు పోతానని తాతను అడిగింది. తాత వద్దనలేదు, సరే అనలేదు. చూద్దాంలే అన్నాడు. ఆయన చూద్దాంలే అన్నవి ఎన్ని చూశామో మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అత్త ఆశ వదలలేదు. పొద్దున్నే తల దువ్వుకుని, వంటిల్లు సర్ది, నాకు ఎక్కాలు చెప్పేది. నా పలక మీద అక్షరాలు దిద్దుతున్నప్పుడు ఆమె మొహం అప్పుడే ఉద్యోగంలో చేరినట్టు ఉండేది.

పత్రిక బస్టాండు దగ్గర దుకాణానికి వచ్చేది. వచ్చిన రోజే తాత తెచ్చుకునేవాడు. ఇంట్లో ఎవరైనా సరే, ఆయన చదివాకే దాన్ని ముట్టుకోవాలి. కాళ్ళు కడుక్కుని, నడవలో మంచం మీద కూర్చుని, పొడుం పట్టు పీల్చి, మొదటి పేజీ నుంచి మందుల ప్రకటనల దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివేవాడు. సీరియల్ దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు సవరించుకునేవాడు. ఆడవాళ్ళ ముందు చదవకూడదని తనకు తోచిన చోటల్లా పేజీని లోపలికి మడిచి, గోరుతో గట్టిగా గీసి, అత్తకు ఇచ్చేవాడు. కొన్ని వారాలు చిన్న మూల మడిచేవాడు, కొన్ని వారాలు సగం పేజీ. అత్త ఆ మడత దాకా చదివి, ఆగి, మడత అవతలి వాక్యం నుంచి మళ్ళీ ఎత్తుకునేది. చదవడం కాగానే పత్రిక తిరిగి ఆయన పెట్టెలోకి వెళ్ళాలి. ఆయన చేతి పొడుం ఆ మడతల్లోనే ఇరుక్కుని ఉండేది. అత్త చదువుతూ చదువుతూ ఒక్క తుమ్ము తుమ్మిందంటే చోటు దాటేశామని షెడ్డులో అందరికీ తెలిసిపోయేది.

కథ గురించి కొంచెం చెప్పాలి. నల్లమల అంచున ఒక చిన్న కోట, ఆ కోట దొరకు ఒక్కతే కూతురు, పేరు చెన్నాంబిక. రెండో వారంలోనే దొర యుద్ధంలో చనిపోతాడు. ఆ వారం షెడ్డులో పని ఆగిపోయింది. చేతిలో సుత్తి పట్టుకునే ఏడ్చారు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న తాత కూడా కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. తండ్రి లేని ఆడపిల్ల బతుకు ఎట్లుంటదో చూడండి అని అందరికీ వినబడేలా అన్నాడు. తర్వాత చెన్నాంబిక కోటను తనే ఏలుతుంది, గుర్రం ఎక్కుతుంది, విజయపాలుడనే అశ్వదళ నాయకుడికి మనసిచ్చి గుట్టుగా పెళ్ళాడుతుంది. అతను రాజు కొలువుకు పోయి, అక్కడ రాజుగారి అమ్మాయిని చేసుకుని ఉండిపోతాడు. ఏళ్ళ తరబడి ఆమె కోట తూర్పు గుమ్మం మీద నిలబడి దారి చూస్తుంది. వారం వారం మా షెడ్డు కూడా ఆమెతోపాటు దారి చూసింది.

నేను తర్వాత చాలా పుస్తకాల మీద చాలా మంది అభిప్రాయాలు విన్నాను, రాశాను కూడా. ఆ షెడ్డులో జరిగినంత విమర్శ ఎక్కడా చూడలేదు. రాజుగారి అమ్మాయిది తప్పా, విజయపాలుడిదా అని రెండు జట్లుగా విడిపోయి ఒకరి ఫ్రేములు ఒకరికి అందించుకోవడం మానేసిన రోజులున్నాయి. మడత వచ్చినప్పుడైతే చెప్పనక్కర్లేదు. అత్త తుమ్మగానే ఖాసింబీ చేతిలో పని పక్కన పెట్టేది. ఈమె మా షెడ్డులో అందరికన్నా పాత మనిషి, ఇంట్లో ఉర్దూ, షెడ్డులో మాతో తెలుగు. "మడతలో ఏముంటాదో నేను జెప్తా ఇనండి" అని మొదలుపెట్టి, ఆ రచయిత్రి రాసిన దానికన్నా నాలుగింతలు ఘాటుగా అల్లేది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. తాత మడతల పుణ్యమా అని ఆ నవల షెడ్డులో అసలుకన్నా ఎక్కువ శృంగారభరితంగా తయారైంది. అత్త మాత్రం నవ్వకుండా తలవంచుకుని మడత అంచును వేలితో నిమురుతూ కూర్చునేది. విప్పి చూసేది కాదు. విప్పొద్దని తాత ఎప్పుడూ చెప్పలేదు, ఆ అవసరమే రాలేదు.

నవల చివరికి వచ్చిన రోజుల్లోనే గిద్దలూరు నుంచి కబురొచ్చింది. అత్త మొగుడికి ఒంట్లో బాగా లేదనీ, పిలుచుకుపోవడానికి పెద్దమనుషులు వస్తారనీ. ఇంట్లో గొంతులు తగ్గాయి. అవ్వ వంటింట్లో కళ్ళు తుడుచుకుంటూ, తుడుచుకుంటూనే అత్త చీరలు మడతపెడుతోంది. అత్త రాను అనలేదు. ట్రైనింగు సంగతి ఏం చేసినావు నాయనా అని మాత్రం అడిగింది. తాత చూద్దాంలే అన్నాడు. ఆ వారమే ఆఖరి భాగం వచ్చింది. తాత ఎప్పటిలాగే చదివి, అత్తను పక్కకు పిలిచి, ఏదో మాట్లాడి ఇచ్చాడు. అత్త షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూర్చుంది. నేను ఆమె కాళ్ళ దగ్గర పలక పెట్టుకుని కూర్చున్నాను. ఆ వారం మడతలు ఎక్కువున్నాయని చూశాను, అంతే. అత్త పత్రికను మొహానికి బాగా దగ్గరగా పట్టుకుని చదివింది. ఏళ్ళు గడిచాక విజయపాలుడు జబ్బుపడి, అలసిపోయి, తూర్పు గుమ్మం ముందుకు వస్తాడు. చెన్నాంబిక పరుగున మెట్లు దిగి, బంగారు పళ్ళెంలో అతని కాళ్ళు కడుగుతుంది. అంతటితో సమాప్తం అంది. అన్ని మడతలున్నా ఆ రోజు అత్త ఒక్కసారి కూడా తుమ్మలేదు.

షెడ్డంతా మెచ్చుకుంది. ఆడదంటే అట్లుండాల అన్నారు. ఎన్ని తిరిగినా మొగోడు ఇంటికి రాక ఏడికి పోతాడు అన్నారు. చెన్నాంబిక ఓపికను ఒక్కొక్కరూ ఒక్కొక్క రకంగా పొగిడారు. ఆ పొగిడిన వాళ్ళలో మొగుడి చేతి దెబ్బలు తిని వచ్చి కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారు. తాత గుమ్మం దగ్గరే నిలబడి అన్నీ విన్నాడు. ఖాసింబీ ఒక్కతే ఏమీ అనలేదు. గుచ్చి గుచ్చి అడిగితే, "గుర్రమెక్కిన మనిషి గదమ్మా ఆమె. ఇన్ని వారాలు ఒకతీరుగ ఉండి, ఆకర్న కాళ్ళు కడుగుతాదా? నాకు నచ్చల్యా" అంది. అందరూ ఆమె మీద విరుచుకుపడ్డారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర తాత కంచంలో మజ్జిగ కలుపుకుంటూ, తలెత్తకుండానే అత్తతో అన్నాడు. "ఇన్నావు గదా. కూలి జేసుకునే ఆడోళ్ళకు తెలిసింది, చదువుకున్నదానివి నీకు తెలియకపాయెనా?" అత్త ఆయన కంచంలో ఇంకాస్త మజ్జిగ పోసింది. పెద్దమనుషులు వచ్చినప్పుడు ట్రంకుపెట్టెతో వాళ్ళ వెంట వెళ్ళిపోయింది. షెడ్డులో స్టూలు మీద ఆ తర్వాత రేడియో పెట్టారు.

గిద్దలూరులో ఆమె బతుకు ఎట్లా గడిచిందో చెప్పడానికి నాకు మనసొప్పదు గానీ, చెప్పకపోతే నా జ్ఞాపకాల్లో ఈ అధ్యాయం రాయడం దండగ. జబ్బని పిలిపించుకున్న మనిషి నెల తిరక్కముందే లేచి, మళ్ళీ ఆ రెండో ఇంటికి పోవడం మొదలుపెట్టాడు. అత్త ఇటు వండి, అటుకు కారియరు పంపింది. ఆ ఇంటి ఆవిడ చనిపోతే ఆవిడ పిల్లల్ని కూడా తనే పెంచింది. నేను సెలవుల్లో వెళ్ళినప్పుడల్లా ఆ ఇంట్లో పుస్తకమనేదాని కోసం వెతికేదాన్ని. క్యాలెండరు తప్ప అచ్చు కాగితం కనబడేది కాదు. తాత మాత్రం చనిపోయేదాకా కూతుర్ని కాపురంలో నిలబెట్టానని పదిమందితో చెప్పుకుని తృప్తిపడ్డాడు. అది నిజంగా తృప్తేనని నేను నమ్ముతున్నాను. నాకు కోపం వచ్చేది అందుకే. చెడ్డవాడై ఉంటే మర్చిపోయి ఉండేదాన్ని.

కొరియరులో పుస్తకం వచ్చింది. అట్ట మీద నడుము సన్నటి రాణి బొమ్మ. చివరి అధ్యాయం చదివి, అచ్చు వేసినవాళ్ళు ముగింపు మార్చేశారేమో అనుకున్నాను. ఆ అనుమానంతోనే మార్కాపురం వెళ్ళాను. లెక్చరరు ఇంట్లో పాత పత్రికలోంచి సీరియల్ కాగితాలు చించి బైండు చేయించిన పుస్తకం ఉంది. వాళ్ళమ్మ దాచిందట. అక్షరం తేడా లేదు. విజయపాలుడు వచ్చి గుమ్మం ముందు నిలబడితే చెన్నాంబిక కాళ్ళు కడగదు. అతని మీద ఆమెకు ప్రేమ చావలేదని కూడా రాసింది రచయిత్రి. అయినా తలుపులు మూయమంటుంది. కాపలావాళ్ళు తటపటాయిస్తే తనే మెట్లు దిగి వచ్చి గడియ వేస్తుంది. ఆ కాగితాలు చేతిలో పట్టుకుని నేను అదే పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివాను. మంచినీళ్ళు కావాలా అని ఆయన అడిగాడు.

సభలో తాత ఫొటోకు దండ వేశారు. ఆ రోజుల్లోనే శ్రామిక మహిళలకు సాహిత్యాన్ని వినిపించిన దార్శనికుడని కొనియాడారు. తర్వాత నవల మీద అభిప్రాయాలు. ఒక బ్యాంకు ఉద్యోగిని గుర్రాల వర్ణన, నగల వర్ణన చాలా నచ్చాయనీ, ముగింపు మాత్రం నెగటివ్‌గా ఉందనీ అంది. ఒక కుర్రాడు వాళ్ళ గ్రూపులో ఓటింగు పెడితే, తప్పు తెలుసుకుని వచ్చినవాడికి ఒక్క ఛాన్సు ఇవ్వాలి కదా అని ఎక్కువమంది అన్నారనీ, నాయికకు కాస్త పొగరు ఎక్కువని కామెంట్లు వచ్చాయనీ ఫోన్ చూసి చదివాడు. చివర్లో లెక్చరరు లేచి, తండ్రి పాత్రను రెండో వారానికే చంపేయడం రచయిత్రి బలహీనత అన్నాడు. ఇంట్లో ఒక పెద్దదిక్కు ఉండి ఉంటే నాయిక అంత తొందరపడేది కాదు, కథ సుఖాంతమయ్యేది అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఏసీ హాలు, మినరల్ వాటర్ సీసాలు, ఎవరి ముక్కుకూ కొంగు లేదు. పేజీ మడిచేవాడు కూడా లేడు. మొత్తం చదివారు, చదివి కూడా ఆమె కాళ్ళు కడిగి ఉంటే బాగుండేదంటున్నారు. మా షెడ్డులో ఆడవాళ్ళు అమాయకులని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. వాళ్ళకు కనీసం వేరే ముగింపు చెప్పినవాళ్ళెవరూ లేరు. నన్ను మాట్లాడమంటే పొడుం గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను. శాలువా కప్పారు.

మర్నాడు కంభం మీదుగా గిద్దలూరు బస్సెక్కాను. అత్తకు చూపు దాదాపు పోయింది. అయినా గొంతు విని పట్టేసింది. "ఏమే అమ్మీ, చిక్కిపోయినావు" అని నా చేయి తడిమింది. వరండాలో మంచం మీద మామ పడుకుని ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఏళ్ళయింది. మాట మాత్రం స్పష్టంగా ఉంది. నేను తూర్పు గుమ్మం పేరెత్తాను. ఆఖరి భాగం ఎవరు మార్చారని అడిగాను.

"ఆ వారం విజయపాలుడు గుమ్మం కాడికి వచ్చినాక ఉన్నదంతా మడిచిచ్చినాడు నాయన" అంది. "ఇది చదవొద్దు, నువ్వే ఏదో ఒకటి చెప్పు, మన ఇంటికి తగినట్ల చెప్పు అన్నాడు. చెప్పినా."

మడత విప్పి చూడలేదా అని అడిగాను. చూడలేదంది. తర్వాతైనా తెలుసుకోవాలనిపించలేదా అన్నాను. తెలుసుకుని ఏం చేసేదాన్ని అంది. ఆ మాటలో ఏడుపు లేదు, విసురూ లేదు. తాత మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆయన బతికుంటే ఆ ఫొటో దండ తెచ్చి ఆయన ముందే తెంచి పారేసేదాన్ని. సంచిలోంచి పుస్తకం తీసి, చదవనా అత్తా అన్నాను. ఆమె కాళ్ళు ముడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. షెడ్డులో వినేవాళ్ళు కూర్చున్నట్టు కూర్చుంది. విజయపాలుడు గుర్రం దిగి గుమ్మం ముందు నిలబడ్డాడన్న చోటికి వచ్చేసరికి వరండాలోంచి మామ పిలిచాడు. వేడినీళ్ళు కావాలట. నేను తెస్తానని లేవబోయాను. "నీకు గిన్నెలు తెలియవులే" అని అత్త లేచి, గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, నీళ్ళు కాచి, తాగించి, మూతి తుడిచి, మళ్ళీ గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంది. నేను పేజీలో వేలు పెట్టుకుని అలాగే ఉన్నాను. చదువు అంది. చదివాను. చెన్నాంబిక మెట్లు దిగింది, గడియ వేసింది, నవల అయిపోయింది. అత్త మొహంలో ఏమైనా కనబడుతుందేమోనని చూశాను. ఆమె తన చేతులు తడిమి చూసుకుంటోంది.

"ఆయమ్మ నాయన రెండో వారంలోనే పోయినాడు గదా" అంది చివరికి.

"అవునత్తా, యుద్ధంలో."

"అదే మరి" అంది అత్త. "అందుకే ఏసుకోగలిగింది తలుపు."